బస్తాల బదులు పిన్ని

"ముందు సీట్ల ఎవరు కూసుంటరక్కా?" అని పెళ్లికొడుకు తల్లి విజయగారు అడిగినప్పుడు, నేను మా గ్యారేజీలో పాత నూలు చీర ముక్కతో కారు తలుపు తుడుస్తున్నాను. హాంబర్గులో ఆ రోజు కూడా వానే. గ్యారేజీ తలుపు సగం ఎత్తి ఉంచితే గాలికి జల్లు లోపలికి కొడుతోంది. ఆవిడ కొడుకు పెళ్లికని వరంగల్ నుంచి వచ్చింది. దిగినప్పటి నుంచి చలి వదల్లేదట. కొడుకు కోటు చీర మీద వేసుకుని, చేతులు చంకల్లో దాచుకుని కారు చుట్టూ తిరిగి చూసింది. ఆ కొడుకు, సాయికిరణ్, మా అమ్మాయి శైలజతో కలిసి విమానాల కంపెనీలో పనిచేస్తాడు. పెళ్లి ఊరి చివర ఒక హాల్లో. రోడ్డెక్కితే సవాలక్ష అనుమతులు కావాలి కనక, హాలు ముందున్న ఖాళీ స్థలంలోనే ఊరేగింపు. దానికి మా కారు అడగడానికి తల్లీకొడుకులు వచ్చారు.

"శైలజ నడుపుతుంది. పక్కన నేను కూర్చుంటా," అన్నాను.

విజయగారు నా నుదుటి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. మా ఆయన పోయిన సంగతి కొడుకు చెప్పే ఉంటాడు. "ఏమనుకోకు అక్కా. నాకైతే ఏ పట్టింపుల్లేవు. మా అత్త ఊర్ల కూసోని వీడియోల చూస్తది. పిల్లా పిలగాని ముందట ఎవరన్న ముత్తయిదువ ఉంటే మంచిగుంటది కదా అని," అంది. చెప్పిన తీరులో చెడ్డతనం లేదు. పక్కవాళ్ల కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి మొహమాటపడే మనిషిలా చెప్పింది. సాయికిరణ్ మాత్రం "అమ్మా" అని నేల చూశాడు. శైలజ చేతిలో ఉన్న పానా బల్ల మీద పెట్టిన చప్పుడులోనే దాని కోపం తెలిసిపోయింది. అది నోరు తెరిచేలోపు నేను "టీ పెడతాను, తాగుతూ మాట్లాడుకుందాం" అని పైకి వచ్చేశాను. జవాబు వెతుక్కోవడానికి కాదు. జవాబు నా దగ్గర గుడివాడలో ఉన్నప్పటి నుంచీ ఉంది.

ముందు ఈ కారు సంగతి చెప్పాలి. దీన్ని ఇక్కడ హాట్ రాడ్ అంటారు. తాతల కాలపు కారు ఒళ్లు తీసుకుని, అందులో దానికంటే ఎన్నో రెట్లు బలమున్న ఇంజను కూర్చోబెట్టి, నేలకి దగ్గరగా దించి, అడ్డమైనవన్నీ పీకేసి పరుగులు పెట్టిస్తారు. మా శైలజ ఒక రైతు ఇంటి కొట్టంలో గడ్డి కింద పడున్న ఈ అమెరికా బండిని ట్రైలర్ మీద తెచ్చింది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు. వెనక డిక్కీ మూత ఎత్తి లాగితే అక్కడ ఆరుబయట ఇంకో ఇద్దరికి సీటు. పక్కింటి ఊవే, ఉద్యోగం నుంచి దిగిపోయిన వెల్డరు, తన వెల్డింగు సామాను తెచ్చుకుని శైలజతో కలిశాడు. శనాదివారాలు వచ్చాయంటే ఇద్దరూ కింద గ్యారేజీలోనే. బ్రేకులు మార్చారు, చట్రం మళ్లీ అతికారు, ఇంజను కూర్చోవడానికి దిమ్మలు చేశారు. చక్రాలు బయటికి కనపడితే తనిఖీలో ఒప్పుకోరని చిన్న మడ్‌గార్డులు వంచి పెట్టారు. ఆ తనిఖీకి టెర్మిన్, అంటే వాళ్లిచ్చే తేదీ, దొరకడం పెళ్లి ముహూర్తం దొరకడం కంటే కష్టం.

ఒక రోజు శైలజ ఆఫీసుకు వెళ్లాక నేను గ్యారేజీలోకి దిగాను. కారు కుడివైపు తలుపు నిండా తుప్పు. ఎర్రగా, పొరలుపొరలుగా, మధ్యలో పాత ఆకుపచ్చ రంగు మచ్చలు. నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకుని ఇంత కష్టపడి ఇంజను బిగించినవాళ్లకి తుప్పు గీకడానికి తీరిక లేదా అనుకున్నాను. కిరసనాయిలు లాంటిదేదో డబ్బాలో ఉంది, గరుకు కాగితం ఉంది. పొద్దు వాలేసరికి ఆ తలుపు అద్దంలా ఉంది. శైలజ వచ్చి చూసి మెట్ల మీదే కూలబడింది. ఆ తుప్పే కారుకి అందమట. అన్నేళ్ల వానా ఎండా వేసిన రంగట, దాన్ని అలాగే ఉంచి పైన నూనె పూయడం పద్ధతట. ఊవే రెండు చేతులూ తల మీద పెట్టుకుని "కటస్ట్రోఫే" అన్నాడు. దానికి తెలుగు నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నన్ను అడగొచ్చు కదమ్మా," అంది శైలజ.

"తుప్పు గీకడానికి కూడా అడుగుతారా? రేపు అంట్లు తోమడానికి కూడా అడగనా?" అన్నాను.

చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నేను క్షమాపణ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. తుప్పుని చూసి ముచ్చటపడటానికి పొట్టకూటి కోసం తుప్పుతో కొట్లాడకుండా పెరిగి ఉండాలి. నేను అలా పెరగలేదు. కారు మాత్రం అలాగే మిగిలిపోయింది, ఒళ్లంతా తుప్పు, కుడి తలుపొక్కటి నున్నగా. చూసినవాళ్లు ఎందుకలా అని అడిగితే శైలజ "ఆ తలుపు మా అమ్మది" అంటుంది. మొదట్లో విసుగ్గా అనేది. తరవాత తరవాత ఆ మాటలో విసుగు అరిగిపోయింది.

మా నాన్న చేసింది కూడా హాట్ రాడే. ఆయనకి ఆ మాట తెలియదు. గుడివాడలో మా ఇల్లూ షెడ్డూ ఒకటే. వంటింటి గోడకి అవతల లారీ క్యాబిన్లకు రేకు కొట్టేవాళ్లు. పొద్దున్నే అమ్మ పొయ్యి ముట్టించే వేళకి అటు పాత రంగు కాల్చే బ్లో ల్యాంపు బుస్సుమనేది. అన్నం ఉడికే వాసన, కాలిన రంగు వాసన కలిసి వస్తేనే నాకు తెల్లవారినట్టు. మా నాయనమ్మ చుట్ట అడ్డపొగ పీల్చేది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, దాన్ని ముట్టించుకోవడానికి నేరుగా బ్లో ల్యాంపు దగ్గరికే వచ్చేది. పక్కన కిరసనాయిలు డబ్బా ఉందని నాన్న అరిస్తే "అంటుకుని పోతే కట్టెల ఖర్చు కూడా మిగులుతుంది, నీకే లాభం" అనేది. సాయంత్రం అందరూ కుంకుడు రసంతో చేతులు తోముకునేవాళ్లు. ఎంత తోమినా గోళ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. బళ్లో ఆ చేతులు చూసి నవ్వుతారని నన్ను పంపలేదని అమ్మ చెప్పేది. నిజం వేరు. షెడ్డులో పని ఎక్కువ, మనుషులు తక్కువ.

ఆ పనిలో సగం మా పిన్నిది. రత్తమ్మ పిన్ని, అమ్మకి చెల్లెలు. పెళ్లైన కొత్తలోనే మొగుడు పోతే మా ఇంటికి వచ్చేసింది. సొట్టలు సుత్తితో లేపడం నాన్న వంతు. ఆ తరవాత రేకు మీద తగరం, సీసం కరిగించి పోసి, పల్లాలు పూడ్చి నున్నగా రుద్దడం పిన్ని వంతు. కరిగినదాన్ని పరచడానికి కొయ్య తెడ్డు కావాలి. పిన్ని వంటింట్లో గోంగూర కెలికే తెడ్డుకి నూనె రాసి పట్టుకుపోయేది. నాయనమ్మ రోజూ దాని కోసం వెతికి, రోజూ తిట్టేది. రుద్దడం అయ్యాక పిన్ని అరచేతి కింద పల్చటి నూలు గుడ్డ వేసుకుని రేకంతా మెల్లగా తడిమేది. వట్టి చెయ్యి రేకుని అంటుకుని ఆగిపోతుంది. మధ్యలో గుడ్డ ఉంటే చెయ్యి జారుతుంది, కంటికి కనపడని పల్లం కూడా తగులుతుంది. కళ్లు మూసుకుని తడిమి, ఒకచోట ఆగి, సుద్దతో సున్నా చుట్టేది. ఆ సున్నాలు పోయేదాకా నాన్న రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. కానీ బేరానికి ఎవరైనా వస్తే పిన్ని లోపలికి వెళ్లిపోవాలి. పొద్దున్నే లారీవాళ్లకి ఎదురు రాకూడదు. కొత్త బండి గేటు దాటేటప్పుడు బావి వెనక నిలబడాలి. ఈ రూలు ఎవరూ గట్టిగా చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలిసిన రూలు అది.

ఆ రోజుల్లో మా వైపు పెళ్లి ఊరేగింపులకి కార్లు పెట్టేవాళ్లు. మనిషి నడకంత మెల్లగా వెళ్లాలి, బాజాల వెనక. అలా వెళితే గాలి తగలక రేడియేటరులో నీళ్లు మరిగి, కారు నడిబజారులో ఆవిరి కక్కేది. పెళ్లికొడుకు బాసికంతో దిగి తోసిన ఊరేగింపులు నేను చూశాను. నాన్నకి దాని మీద పంతం వచ్చింది. ఒక రైసు మిల్లు షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న దొరల కాలపు కారు తెచ్చి, పైకప్పు కోసేశాడు. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన జీపు ఇంజనూ గేర్లూ తీసి దానికి పెట్టాడు. జీపుకి బురదలో పాకడానికి ఒక చిన్న గేరు ఉంటుంది. అందులో వేసి క్లచ్చి వదిలేస్తే కారు దానంతట అదే మనిషి పక్కన మనిషిలా నడుస్తుంది. లారీ ఫ్యాను బిగించాడు. చల్లారకపోతే రెక్కలు వంచి చూశాడు, మళ్లీ విప్పాడు. శైలజ, ఊవే తమ కారుని ఎంత వేగంగా పోనిద్దామా అని తంటాలు పడ్డారు, మా నాన్న ఎంత మెల్లగా పోనిద్దామా అని. కష్టం మాత్రం ఒక్కటే.

కారు తయారైంది. పాలమీగడ రంగు, ఎర్రటి రెక్సిను సీటు. మొదటి ఊరేగింపు బట్టల కొట్టు షావుకారు గారి అమ్మాయిది. ముందు ఒకసారి వెనక సీట్లో ఇద్దరి బరువు పెట్టి తిప్పి చూడాలని నాన్న రెండు ధాన్యం బస్తాలు తెప్పించాడు. బస్తా భుజానికెత్తుకుని వస్తుంటే పిన్ని అడ్డం నిలబడింది.

"గోనె గీరుకుంటే రెక్సిను ఏమవుద్ది బావా? బస్తాలెందుకు, మేం లేమా?" అని చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఎక్కి కూర్చుంది. "కోటీ, నువ్వూ రా. ఇద్దరి బరువు కావాలిగా," అని నన్నూ ఎక్కించుకుంది.

నాన్న బస్తా దించి చెమట తుడుచుకున్నాడు. దొడ్లో ఒక చుట్టు తిప్పి దించేద్దామని ఆయన లెక్క. కారు కదిలాక పిన్ని వెనకనుంచి, "నీడలో తిప్పితే నీళ్లు మరిగేదీ లేందీ ఏం తెలుస్తుంది? బజారు మీదగా పోనీ," అంది. అది కాదనలేని మాట. పని విషయంలో పిన్ని మాట నాన్న ఎన్నడూ కాదన్నది లేదు. గేటు తీశారు.

నడకంత వేగంలో వెళ్లే కారులో కూర్చుంటే దాక్కునే వీలుండదు. ఎండ నడినెత్తిన ఉంది. కొట్లలోంచి ఒక్కొక్కరే అరుగుల మీదికి వచ్చారు. పెళ్లికూతురు కూర్చోవలసిన సీట్లో, బొట్టు లేని మనిషి, నిటారుగా. ఎడమ చెయ్యి తలుపు బయట పెట్టుకుని కూర్చుంది. అలవాటు ప్రకారం ఆ అరచేతి కింద గుడ్డ ముక్క కూడా ఉంది. నాకు భయం వేసి కిందికి జారితే మోచేత్తో పొడిచి, "సరిగ్గా కూర్చో, బరువు ఒక పక్కకి పోతుంది," అంది.

సోడా కొట్టు దగ్గర ఒకడు, "రత్తమ్మా, ఏంటి, నీక్కూడా పెళ్లా?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు.

"నాది ఎప్పుడో అయింది. ఇయ్యాళ కారుకి చేస్తన్నాం. అక్షింతలు తేలేదేం?" అంది పిన్ని.

నవ్వు వాడి మీదికి తిరిగింది. బస్టాండు దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. రేడియేటరు మూత మీద నాన్న చెయ్యి పెట్టి చూశాడు. మరగలేదు. ఆయన మొహం వెలిగిపోయింది, సాయంత్రం దాకా.

సాయంత్రం షావుకారు మనిషి వచ్చాడు. ఆ సీటు మీద ఎవరు కూర్చున్నారో ఊరంతా చూశారట. సీటు తీసేసి కొత్త సీటు వేసి, పూజ చేయించి పంపితే సరే, లేకపోతే వద్దట. నాన్న గడప మీద కూర్చుని తల గోక్కున్నాడు. షావుకారు కాదంటే ఆ సీజనంతా ఊళ్లో ఎవరూ పిలవరు, ఏడాది శ్రమ షెడ్డులో మూలుగుతుంది. పిన్ని బావి వెనకనుంచి నడిచొచ్చింది. ఊరి మనిషి ముందుకి ఆమె అలా రావడం నేను చూడటం అదే మొదటిసారి.

"సీటొక్కటి మారిస్తే ఎట్టా బావా? బానెట్టు మీద, తలుపుల మీద, వెనక డిక్కీ మీద నా చెయ్యి పడని జానెడు చోటు చూపించు. అదంతా గీకేసి ఇస్తావా? ఇయ్యి, నేనే గీకుతా," అంది. గొంతు పెంచలేదు. గోడకానించిన గీకుడు రేకు తీసి పట్టుకుంది కూడా.

అప్పుడు మా నాయనమ్మ లేచింది. ఆమె కూడా నా పుట్టుకకి ముందే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ప్రతి పెళ్లిలోనూ ఎవరూ చెప్పకముందే వెనక గదిలోకి వెళ్లి కూర్చునే మనిషి. పిన్నిని తెడ్డు కోసం రోజూ తిట్టే మనిషి. కారు దగ్గరికి వెళ్లి, తలుపు ఎలా తియ్యాలో తెలియక పైనుంచి కాలు వేసి, పడబోయి, నిలదొక్కుకుని ఆ ఎర్ర సీటు మధ్యలో చతికిలబడింది. నోట్లో చుట్ట తీసి షావుకారు మనిషితో, "మీ అయ్యగారితో చెప్పు. బొట్టు లేనోళ్లు ఇద్దరు కూర్చున్నారని చెప్పు. రెండోది ముసల్దని కూడా చెప్పు," అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. "బండి ఇదే, సీటిదే. కావాలంటే తీసుకెళ్లమను," అన్నాడు.

తీసుకెళ్లలేదు. కారు చాలా రోజులు గోనెపట్టాల కింద ఉంది. అమ్మ పిన్నితో మాట్లాడటం తగ్గించింది, నాన్న మళ్లీ లారీ క్యాబిన్ల మీద పడ్డాడు. పిన్ని రోజూ పట్టా ఎత్తి కారుని తుడిచి మళ్లీ కప్పేది. తరవాత ఒక మాఘంలో ముహూర్తాలు ముమ్మరమై ఎక్కడా బండి దొరకనప్పుడు జనం వచ్చారు. ముహూర్తం ముంచుకొస్తే సీటు మీద ఎవరు కూర్చున్నారో ఎవడూ అడగడు. ఆ రోజు కారు గేటు దాటుతుంటే పిన్ని గేటు పక్కనే నిలబడింది, బావి వెనక కాదు. ఎవరూ పొమ్మనలేదు. అయితే ఆ కారులో మళ్లీ ఎప్పుడూ కూర్చోమని కూడా ఎవరూ అనలేదు. ఆమె బతికినన్నాళ్లు ఆ ఎండలో బస్టాండు దాకా వెళ్లి వచ్చిందే ఆమె ఊరేగింపు.

టీ మరుగుతుంటే శైలజ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, కారు ఇవ్వనని చెప్పేస్తా. వాడు నా ఫ్రెండైతే మాత్రం ఏంటి?" అంది.

"ఎందుకు ఇవ్వవు? ఆ పిల్లాడేం చేశాడు?"

"పోనీ ఇంకోటి చెప్తా. మెల్లగా పోతే ఇంజను వేడెక్కుతుంది, ఫ్యాను స్విచ్ చూడటానికి నువ్వు పక్కన ఉండి తీరాలి అంటా. వాళ్లకేం తెలుసు?"

దాని మంచితనానికి నవ్వొచ్చింది. ఆ ఫ్యాను వేడి తగలగానే దానంతట అదే తిరుగుతుంది. శైలజే పెట్టింది, చక్కగా పెట్టింది. నాన్న వంచిన రెక్కల కంటే బాగా పనిచేస్తుంది. ఆ కారులో నేను చెయ్యాల్సిన పని ఏదీ లేదు. పిన్నికి ఆ సీట్లో కూర్చోవడానికి బస్తాల సాకు కావాల్సి వచ్చింది. బరువుగా తప్ప మనిషిగా ఎక్కే దారి ఆమెకి లేదు. నేను అరవై దాటాక ఈ ఊళ్లో, ఆదివారం తెలుగు బడిలో, నాకు మనవలయ్యే ఈడు పిల్లల పక్కన చిన్న కుర్చీలో మోకాళ్లు పట్టక కూర్చుని అ ఆ లు దిద్దాను. పిల్లలు జర్మన్‌లో గుసగుసలాడి నవ్వేవాళ్లు. ఈ వయసులో ఎందుకని తెలిసినవాళ్లు ఫోన్లలో అడిగేవాళ్లు. ఒక్కరికీ కారణం చెప్పలేదు. కావాలనిపించింది, కూర్చున్నాను. చిన్న కుర్చీకి చెప్పని సాకు కారు సీటుకి ఎందుకు చెప్పాలి?

"స్విచ్చుల కథ ఏమీ వద్దు," అన్నాను శైలజతో. "కప్పులు పట్టుకురా."

గ్యారేజీలో విజయగారికి టీ ఇచ్చి చెప్పాను. "కారు సంతోషంగా తీసుకోండి. శైలజ నడుపుతుంది, పక్కన నేను కూర్చుంటాను. అది మారదు. వద్దనుకుంటే టీ తాగి వెళ్లండి, నాకు కోపం ఉండదు, పెళ్లికి కూడా వస్తాను."

ఆవిడ కప్పు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊదింది. "మా అత్తకు ఏం చెప్పాలె అక్కా?"

"నా పేరు చెప్పండి. కోటేశ్వరి."

సాయికిరణ్, "అమ్మా, ఆంటీ లేకపోతే నేను నడిచే వస్త," అన్నాడు. విజయగారు కొడుకు వైపు చూసి, "నువ్వు సప్పుడు చెయ్యకు, నేను వద్దన్ననా?" అంది.

పెళ్లి రోజు వాన ఆగింది, గాలి ఆగలేదు. తుప్పు కారుకి బంతిపూల దండలు కడితే ఊవేకి కూడా నచ్చింది. డిక్కీ సీట్లో పిల్లా పిలగాడు. ముందు శైలజ, కుడి పక్క నేను, ఉన్నదాంట్లో మంచి పట్టుచీర కట్టుకుని. కుర్రాళ్లు డప్పులు కొడుతూ ముందు నడుస్తున్నారు. పరుగు కోసం కట్టిన ఇంజను మెల్లగా పోవాల్సి వచ్చి గుర్రుమంటోంది. విజయగారు ఫోను ఎత్తిపట్టుకుని వెనక్కి నడుస్తూ మాకెదురుగా వస్తోంది. ఫోనులోంచి ఒక ముసలి గొంతు గట్టిగా, "గా ముందట కూసున్నామె ఎవరే?" అంది.

"కోటేశ్వరక్క. కారు ఆమెదే అత్తా," అంది విజయగారు.

ఆ పెద్దావిడ తరవాత ఏమందో డప్పుల మోతలో వినపడలేదు. విందామని నేనూ ముందుకి వంగలేదు. నా చెయ్యి తలుపు బయట, తుప్పు గీకిన చోట ఉంది. దాని కింద నూలు గుడ్డ ముక్క. నున్నటి రేకు కింద ఇంజను వణుకు అరచేతికి తెలుస్తోంది. ఎక్కడా పల్లం తగల్లేదు.